కొత్త ట్రక్కు డ్రైవరుకు లీజ్ పర్చేజ్ గిట్టుబాటు అవుతుందా? సంతకానికి ముందు తేల్చుకునే పద్ధతి

అమెరికాలో క్లాస్ ఏ కమర్షియల్ లైసెన్సు తెచ్చుకొని ఏదైనా పెద్ద రవాణా కంపెనీలో శిక్షణకు చేరిన కొత్త డ్రైవరుకు కొద్ది రోజుల్లోనే ఒక ప్రతిపాదన వినిపిస్తుంది. జీతానికి నడపడమెందుకు, ఇదే ట్రక్కును లీజ్ పర్చేజ్ కింద తీసుకుంటే మూడు నాలుగేళ్లలో అది మీ సొంతమవుతుంది, ముందు కట్టవలసింది ఏమీ లేదు, క్రెడిట్ స్కోరు చూడము, ఈ వారమే తాళాలు ఇస్తాము అంటారు. కొత్తగా జీవితం మొదలుపెట్టేవారికి ఈ మాట ఎంత ఆశ కలిగిస్తుందో నాకు తెలుసు కాబట్టే ఈ వ్యాసాన్ని ఇంత వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను: డ్రైవరుగా మొదటి ఏడాదిలో లీజ్ పర్చేజ్ ఒప్పందం మీద సంతకం చేయకండి. అయితే నా మాట మీద ఆధారపడకుండా, మీ ముందున్న ఒప్పందాన్ని మీరే లెక్కగట్టి తేల్చుకోవడానికి అవసరమైన పద్ధతిని వరుసగా వివరిస్తాను.

మొదట: మీరు సంతకం చేసేది ఎన్ని కాగితాల మీద?

లీజ్ పర్చేజ్ అంటే ఒక ఒప్పందం అనుకుంటారు గానీ, సాధారణంగా అవి రెండు. ఒకటి, ట్రక్కును మీకు అద్దెకిచ్చే ఒప్పందం. రెండోది, ఆ ట్రక్కుతో సహా మీరు రవాణా కంపెనీ కింద స్వతంత్ర కాంట్రాక్టరుగా పనిచేసే ఒప్పందం. ట్రక్కును అద్దెకిచ్చే సంస్థ చాలాసార్లు ఆ రవాణా కంపెనీకే అనుబంధ సంస్థ అయి ఉంటుంది. ఈ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకొని చదవాలి, ఎందుకంటే అసలు ముడి ఒకదానిలో ఉండదు, రెండింటి నడుమ ఉంటుంది.

విజయవాడ ఆటోనగర్ చుట్టుపక్కల ఫైనాన్సు మీద లారీ కొన్నవారి సంగతి చాలామంది తెలుగువారికి తెలిసినదే. వడ్డీ ఎక్కువైనా, కిస్తీలు బరువైనా, రిజిస్ట్రేషన్ పుస్తకం కొన్నవాడి పేరు మీదే ఉంటుంది, అప్పిచ్చిన సంస్థ పేరు అందులో హైపోథికేషన్‌గా నమోదవుతుంది. లోడు ఎక్కడ దొరికితే అక్కడ ఎత్తుకోవచ్చు, ఈ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు కిరాయి గిట్టకపోతే మరొక ఆఫీసుకు వెళ్లవచ్చు. అమెరికాలోని లీజ్ పర్చేజ్‌ను ఆ కళ్లతో చూస్తే పొరపాటవుతుంది. ఇక్కడ చివరి చెల్లింపు పూర్తయ్యే వరకూ టైటిల్, అంటే యాజమాన్య పత్రం, కంపెనీ పేరు మీదే ఉంటుంది. నూట యాభై వారాల్లో నూట నలభై వారాల కిస్తీలు కట్టిన తరువాత మానేసినా, మీరు కట్టినదంతా అద్దె కిందకే పోతుంది తప్ప ట్రక్కులో మీ వాటా అంటూ ఏదీ మిగలదు. అంతకంటే ముఖ్యమైన తేడా మరొకటి ఉంది. ప్రతి వారం మీ దగ్గర కిస్తీ వసూలు చేసేవారే, ఆ వారం మీకు ఎన్ని లోడ్లు ఇవ్వాలో కూడా నిర్ణయిస్తారు. మీరు లోడు లేకుండా రెండు రోజులు ట్రక్ స్టాపులో కూర్చున్నా కిస్తీ వారికి వస్తుంది, మీకు మాత్రం ఆదాయం రాదు. ఈ ఒప్పందంలోని కష్టాలకు వేరు ఇక్కడే ఉందని నేను భావిస్తున్నాను.

రెండోది: మీరు ఈ నిర్ణయం తీసుకునే స్థితిలో ఉన్నారా?

కొత్త డ్రైవరుకు మొదటి ఏడాది నేర్చుకోవలసినవి స్టీరింగు ముందు ఉన్నంతగా బయట కూడా ఉంటాయి. చలికాలంలో వ్యోమింగ్ మీదుగా వెళ్లే ఇంటర్‌స్టేట్ 80 రహదారి గాలికి, మంచుకు ఎప్పుడు మూతపడుతుందో, ఏ గిడ్డంగిలో సరుకు దించడానికి ఆరు గంటలు నిరీక్షించవలసి వస్తుందో, రోజుకు 11 గంటల డ్రైవింగు, 14 గంటల డ్యూటీ, ఎనిమిది రోజుల్లో 70 గంటలు అనే పరిమితుల లోపల ఒక వారాన్ని ఎలా పేర్చుకోవాలో అనుభవం మీదే తెలుస్తుంది. జీతానికి నడిపేవారు ఈ చదువును కంపెనీ ఖర్చుతో చదువుతారు. లీజు తీసుకున్నవారు ప్రతి పొరపాటుకూ తమ జేబు నుంచి రుసుము కట్టుకుంటారు. వెనక్కి తీసేటప్పుడు పక్క బండి అద్దం తగిలితే దాని డిడక్టిబుల్, అంటే బీమా ఇచ్చేముందు మీరు భరించవలసిన మొత్తం, కూడా మీదే.

వీసా మీద ఉన్నవారు మరొక విషయం చూసుకోవాలి. లీజ్ పర్చేజ్ డ్రైవరు చట్టం దృష్టిలో స్వయం ఉపాధిదారు. హెచ్-1బి మీద ఉన్నవారికి స్వయం ఉపాధికి అనుమతి లేదు. పని అనుమతి కార్డు మాత్రమే ఉన్నవారి పరిస్థితి కూడా 2025 తరువాత చిక్కుగా మారింది. ఆ సంవత్సరం సెప్టెంబరులో ఫెడరల్ రవాణా శాఖ, నాన్-డొమిసైల్డ్ లైసెన్సులను, అంటే అమెరికాలో శాశ్వత నివాసం లేని విదేశీయులకిచ్చే కమర్షియల్ లైసెన్సులను, కొద్ది రకాల వీసాలకే పరిమితం చేస్తూ నిబంధన తెచ్చింది, దాని మీద కోర్టుల్లో వివాదం నడిచింది. లైసెన్సు నిలుస్తుందో లేదో తెలియని స్థితిలో మూడేళ్ల కిస్తీలకు కట్టుబడటం ఏ విధంగానూ క్షేమం కాదు. గ్రీన్ కార్డు ఉన్నవారికి, పౌరులకు ఈ చిక్కు లేదు. 2025 జూన్ 25 నుంచి తనిఖీల్లో ఇంగ్లీషు పరిజ్ఞానం చాలదని తేలితే డ్రైవరును అక్కడికక్కడే నిలిపివేస్తున్నారన్నది మాత్రం అందరికీ వర్తిస్తుంది. నిలిచిపోయిన రోజుకు కూడా కిస్తీ పడుతుంది.

మూడోది: కాగితాలు ఇంటికి తెచ్చుకొని చదవడం

ఒప్పందాన్ని చదువుకోవడానికి కనీసం మూడు రోజులు ఇవ్వమని అడగండి. ఇంటికి తీసుకువెళ్లనివ్వకపోతే, ఇప్పుడే సంతకం చేయకపోతే ట్రక్కు మరొకరికి పోతుందని తొందరపెడితే, మీకు కావలసిన జవాబు అక్కడే దొరికినట్టు. చదివేటప్పుడు కిందివాటిని పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి.

మొదట వెతకవలసింది, రెండు ఒప్పందాలను కట్టివేసే వాక్యం. రవాణా కంపెనీతో కాంట్రాక్టు ఏ కారణం వల్ల ముగిసినా ట్రక్కు లీజు కూడా ఉల్లంఘన కిందకు వస్తుందని రాసి ఉంటే, కంపెనీ మిమ్మల్ని వద్దనుకున్న రోజున ట్రక్కు కూడా పోతుందని అర్థం. అదే ట్రక్కుతో మరొక కంపెనీకి వెళ్లి పనిచేసే వీలు ఉందో లేదో సూటిగా అడగండి. ఆ తరువాత, మధ్యలో మానేస్తే మిగిలిన కిస్తీలన్నీ ఒకేసారి కట్టాలనే షరతు ఉందేమో చూడండి. కొన్ని కంపెనీలు నష్టపరిహారం లేకుండా వదిలి వెళ్లవచ్చని నోటితో చెబుతాయి గానీ, కాగితంలో మాత్రం ట్రక్కును ఫలానా టెర్మినల్‌కు, ఫలానా స్థితిలో, ఇన్ని రోజుల ముందస్తు నోటీసుతో అప్పగించాలని, టైర్ల అరుగుదల నుంచి లోపలి శుభ్రత వరకూ ఖర్చులు కోసుకుంటామని ఉంటుంది. నోటిమాటకు విలువ లేదు, కాగితం మీద ఉన్నదే ఒప్పందం.

చివరిలో కట్టవలసిన పెద్ద మొత్తాన్ని ఇక్కడివారు బెలూన్ అంటారు. అది ఎంతో అంకెల్లో రాసి ఉండాలి. దానిని చూసుకొని ట్రక్కు మొత్తం ధరను మీరే వేయండి. వారానికి 950 డాలర్ల చొప్పున 156 వారాలంటే 1,48,200 డాలర్లు. చివర 20,000 బెలూన్ ఉంటే 1,68,200. అదే సంవత్సరపు, అదే మోడల్, అన్నే మైళ్లు తిరిగిన ట్రక్కు బహిరంగ మార్కెట్లో ఎంతకు అమ్ముతున్నారో వాడిన ట్రక్కుల ప్రకటనల్లో పది నిమిషాలు వెతికితే తెలిసిపోతుంది. ఈ రెండు అంకెల తేడానే, క్రెడిట్ చూడకుండా మీకు ట్రక్కు ఇచ్చినందుకు మీరు చెల్లిస్తున్న వడ్డీ.

ఈ విషయంలో మీకు అండగా ఒక ఫెడరల్ నిబంధన ఉందని చాలామంది కొత్తవారికి తెలియదు. దానిని ట్రూత్ ఇన్ లీజింగ్ నిబంధనలు అంటారు, ఫెడరల్ నిబంధనావళి 49వ శీర్షికలో 376వ భాగం. దాని ప్రకారం మీకు ఇచ్చే వేతనం ఎలా లెక్కిస్తారో ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. డెలివరీ కాగితాలు అందజేసిన 15 రోజుల లోపల డబ్బు చెల్లించాలి. మీ వేతనం సరుకు కిరాయిలో శాతంగా ఉంటే, ఆ కిరాయి బిల్లు నకలు మీకు ఇవ్వాలి. మీ సెటిల్‌మెంటులోంచి, అంటే వారం వారం మీకు లెక్కగట్టి ఇచ్చే చెల్లింపులోంచి, ఏయే ఖర్చులు కోస్తారో, ఎలా లెక్కిస్తారో ముందే రాసి ఉండాలి. కంపెనీ దగ్గరే ఫలానా వస్తువో సేవో కొనాలనేది కాంట్రాక్టుకు షరతు కాకూడదు. ఎస్క్రో అనే పేరుతో మీ నుంచి పట్టి ఉంచే డబ్బుకు లెక్క చెప్పాలి, వడ్డీ ఇవ్వాలి, ఒప్పందం ముగిసిన 45 రోజుల లోపల తిరిగి ఇవ్వాలి. ఈ అంశాల్లో ఏది మీ కాగితంలో లేకపోయినా, లేదెందుకని రాతపూర్వకంగా అడగండి.

వివాదాలను మధ్యవర్తిత్వానికే పంపాలనే క్లాజు కూడా తరచుగా ఉంటుంది. 2019 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు న్యూ ప్రైమ్ వర్సెస్ ఒలివేరా కేసులో, అంతర్రాష్ట్ర రవాణా కార్మికులను ఫెడరల్ ఆర్బిట్రేషన్ చట్టం కింద మధ్యవర్తిత్వానికి బలవంతం చేయలేరని, వారిని కాగితం మీద స్వతంత్ర కాంట్రాక్టర్లని పిలిచినా ఆ మినహాయింపు వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. ఆ కేసు వేసినది కంపెనీ నుంచి లీజు మీద ట్రక్కు తీసుకొని నడిపిన డ్రైవరే.

నాలుగోది: మంచి వారం లెక్క పక్కన పెట్టి, చెడ్డ వారం లెక్క వేయడం

కంపెనీ ప్రతినిధి చూపే కాగితంలో ఎప్పుడూ ఒక మంచి వారం ఉంటుంది. వారానికి ఏడెనిమిది వేల డాలర్ల స్థూల ఆదాయం అని కూడా చూపిస్తారు. స్థూల ఆదాయం డ్రైవరు ఆదాయం కాదు. మీరు ఒక తెల్లకాగితం తీసుకొని కింది విధంగా లెక్క వేయండి. ఇందులోని అంకెలు ఉదాహరణ కోసం నేను తీసుకున్నవి, వాటి స్థానంలో మీ ఒప్పందంలోని అంకెలు పెట్టుకోండి.

వారంలో మొత్తం 2,500 మైళ్లు నడిపారనుకుందాం. అందులో 2,200 లోడుతో, 300 ఖాళీగా. లోడుతో నడిపిన మైలుకు 1 డాలరు 30 సెంట్లు, దానికి తోడు ఇంధన సర్‌చార్జి 40 సెంట్లు ఇస్తారనుకుంటే, మొత్తం ఆదాయం 3,740 డాలర్లు. ఇక ఖర్చులు చూడండి. ట్రక్కు కిస్తీ 950. మరమ్మతుల నిధికి మైలుకు 12 సెంట్ల చొప్పున 300. గ్యాలనుకు 7 మైళ్లు వస్తే 357 గ్యాలన్లు, గ్యాలను 3 డాలర్ల 80 సెంట్ల వంతున డీజిలుకు 1,357. బాబ్‌టైల్ (ట్రెయిలరు లేకుండా నడిపేటప్పటి) బీమా, ట్రక్కు నష్టం బీమా, ప్రమాద బీమా కలిపి 180. నంబరు ప్లేటు, పర్మిట్లు, ఎలక్ట్రానిక్ లాగ్ పరికరం అద్దె, ట్రెయిలరు అద్దె కలిపి 120. అన్నీ కూడితే 2,907. మీకు మిగిలేది 833 డాలర్లు, అది కూడా పన్ను కట్టకముందు. అదే కంపెనీలో మైలుకు 52 సెంట్ల జీతానికి నడిపే కొత్త డ్రైవరుకు ఆ 2,500 మైళ్లకే 1,300 డాలర్లు వస్తాయి.

ఇది మంచి వారం. ఇప్పుడు చెడ్డ వారం వేయండి. లోడు ఆలస్యమై 1,300 మైళ్లే నడిచాయి, అందులో 1,100 లోడుతో. ఆదాయం 1,870. కిస్తీ, బీమా, ఇతర స్థిర ఖర్చులు ఎప్పటిలాగే 1,250. డీజిలు 706, మరమ్మతుల నిధి 156. మొత్తం 2,112. అంటే వారమంతా పనిచేసి కంపెనీకే 242 డాలర్లు బాకీ పడ్డారు. జీతపు డ్రైవరుకు ఆ వారం 676 డాలర్లు వస్తాయి. ఇక ట్రక్కు వారమంతా షెడ్డులో ఉంటే 1,250 బాకీ, దానికి తోడు మోటెల్ ఖర్చు.

నెలలో రెండు మంచి వారాలు, ఒక చెడ్డ వారం, ఒక షెడ్డు వారం వచ్చాయనుకోండి. లీజు డ్రైవరుకు నెల మొత్తం మీద మిగిలేది 174 డాలర్లు. జీతపు డ్రైవరుకు, షెడ్డులో ఉన్న వారానికి ఏమీ ఇవ్వలేదనుకున్నా, 3,276.

ఈ లెక్కలో నేను మీ చేత తప్పక వేయించదలచినది మరొక అంకె ఉంది. స్థిర ఖర్చులు తీయకముందు, డీజిలు, మరమ్మతుల నిధి మాత్రం పోను, పై ఉదాహరణలో లీజు డ్రైవరుకు ఒక్కో మైలు మీద మిగిలేది దాదాపు 83 సెంట్లు. స్థిర ఖర్చు 1,250ని దానితో భాగిస్తే 1,500 మైళ్లు వస్తాయి. అంటే వారంలో మొదటి 1,500 మైళ్లు మీరు ట్రక్కు కోసం నడుపుతున్నారు, 1,501వ మైలు నుంచే మీ కోసం. మరి జీతపు డ్రైవరుతో సమానంగా సంపాదించడానికి ఎన్ని మైళ్లు నడపాలి? 83 లోంచి 52 తీసివేస్తే 31 సెంట్లు. 1,250ని 31 సెంట్లతో భాగిస్తే వారానికి 4,000 మైళ్లు దాటుతుంది. చట్టం అనుమతించే 70 గంటల డ్యూటీని నిమిషం వృథా కాకుండా పూర్తిగా డ్రైవింగుకే వాడి, గంటకు సగటున 55 మైళ్లు నడిపినా వచ్చేది 3,850 మైళ్లు. లోడింగు, తనిఖీ, ఇంధనం నింపడం వీటన్నిటికీ అందులోంచే సమయం పోతుంది. కాబట్టి ఒంటరి డ్రైవరు ఈ ఒప్పందంలో జీతపు డ్రైవరును అందుకోవడం చట్టబద్ధంగా సాధ్యమే కాదు. మీ ఒప్పందంలో మైలు రేటు బాగుంటే, కిస్తీ తక్కువైతే, ఈ అంకె 2,600కో 2,800కో దిగవచ్చు. అప్పుడు ఆలోచించడానికి అర్థం ఉంటుంది. కానీ 3,000 దాటితే ఆ కాగితాన్ని అక్కడితో పక్కన పెట్టండి.

డీజిలు ధర గ్యాలనుకు 50 సెంట్లు పెరిగితే పై మంచి వారంలోనే ఖర్చు 178 డాలర్లు పెరుగుతుంది, ఇంధన సర్‌చార్జి దానిని ఎంతవరకు భర్తీ చేస్తుందో మీ కాగితమే చెప్పాలి. 2022 ఆరంభంలో కిరాయిలు శిఖరానికి చేరినప్పుడు ట్రక్కులు తీసుకున్నవారు ఆ ఏడాదిలోనే కిరాయిలు పడిపోవడమూ, జూన్‌లో డీజిలు సగటు 5 డాలర్ల 80 సెంట్లకు చేరడమూ ఒకేసారి చూశారు. కిరాయి పడిపోయినా కిస్తీ పడిపోదు.

ఐదోది: ట్రక్కును పరీక్ష చేయించడం

కంపెనీలు లీజ్ పర్చేజ్‌కు ఇచ్చే ట్రక్కుల్లో చాలా భాగం అప్పటికే మూడు నాలుగేళ్లు జీతపు డ్రైవర్లు నడిపినవి, లేదా మరొకరు లీజుకు తీసుకొని మధ్యలో వదిలేసినవి. తయారీదారు వారంటీ అయిపోయే సమయానికి ట్రక్కు మీ చేతికి వస్తుంది. ఈ తరం ఇంజన్లలో పొగను శుద్ధి చేసే వ్యవస్థ ఉంటుంది. మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు, డెఫ్ ద్రవంతో పనిచేసే ఎస్సీఆర్ భాగం, వాటి సెన్సార్లు, ఈజీఆర్ కూలరు అందులోవి. ఇవి చెడితే ఇంజను తనంతట తానే శక్తిని తగ్గించుకొని, గంటకు ఐదు మైళ్ల వేగానికి కూడా దిగిపోతుంది. అటువంటి మరమ్మతు వేల డాలర్ల పని, పైగా విడిభాగం కోసం రోజుల నిరీక్షణ.

అందువల్ల సంతకానికి ముందు, కంపెనీకి సంబంధం లేని మెకానిక్ చేత ట్రక్కును చూపించే హక్కు అడగండి. ఇంజను కంప్యూటరులోని సమాచారాన్ని తీయించి, బండి కదలకుండా ఇంజను ఎన్ని గంటలు నడిచింది, పాత తప్పుల సంకేతాలు ఏవి ఉన్నాయి, ఫిల్టరు ఎన్నిసార్లు రీజెన్ అయింది (మసిని కాల్చి శుభ్రపడింది) అనేవి చూడాలి. ఇంజను ఆయిలు నమూనాను ల్యాబుకు పంపడానికి యాభై డాలర్లలోపే అవుతుంది. అందులో కూలెంటు కలిసినా, లోహపు రజను ఎక్కువగా ఉన్నా ఇంజను లోపలి ఆరోగ్యం బయటపడుతుంది. టైర్ల లోతు ఒక్కొక్కటీ కొలిచి రాసుకోండి, ఫోటోలు తీయండి, రేపు ట్రక్కు అప్పగించేటప్పుడు ఇవే మీకు సాక్ష్యం. పాత మరమ్మతు రికార్డు ఇవ్వమని అడగండి. పెద్ద కంపెనీల దగ్గర ఆ రికార్డు తప్పక ఉంటుంది కాబట్టి, లేదన్న జవాబును నమ్మవద్దు.

మరమ్మతుల నిధి విషయంలో రెండు ప్రశ్నలు వేయండి. నిధిలో ఉన్నదాని కంటే బిల్లు ఎక్కువైతే మిగతాది ఎవరు, ఎలా కడతారు? ఒప్పందం ముగిశాక మిగిలిన నిధి ఎవరిది? మైలుకు 12 సెంట్లు జమచేస్తూ వారానికి 2,500 మైళ్ల చొప్పున ఆరు నెలలు నడిపినా దాదాపు 7,800 డాలర్లే పోగవుతాయి. ఇంజను ఓవర్‌హాల్‌కు దానికి మూడు నాలుగు రెట్లు కావాలి.

పన్నులు, బీమా

వీటిని క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో తేల్చవలసింది పెద్దగా లేదు, మరిచిపోకుండా ఉండటమే ముఖ్యం. లీజు డ్రైవరు జీతంలోంచి ఎవరూ పన్ను పట్టుకోరు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద యజమాని వాటా కూడా మీరే కడతారు, రెండూ కలిపి 15.3 శాతం, దానిపైన ఆదాయపు పన్ను. ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, జనవరి నెలల 15వ తేదీల్లో అంచనా పన్ను చెల్లించాలి. ఇంటికి దూరంగా గడిపిన రోజులకు భోజనపు ఖర్చు కింద 2024 అక్టోబరు నుంచి రోజుకు 80 డాలర్లలో 80 శాతం మినహాయించుకోవచ్చు, జీతపు డ్రైవరుకు ఫెడరల్ పన్నులో ఈ సౌకర్యం లేదు. ఇది నిజమైన ప్రయోజనమే గానీ, పైన చూసిన తేడాను పూడ్చేంత పెద్దది కాదు. నిరుద్యోగ భృతి ఉండదు. పని ప్రమాదంలో గాయపడితే, ఉద్యోగులకు యజమాని తరఫున దక్కే వర్కర్స్ కాంపెన్సేషన్‌కు బదులు, మీ డబ్బుతో కొన్న ప్రమాద బీమా మాత్రమే ఉంటుంది, దానికి వారాల పరిమితి, డాలర్ల పరిమితి ఉంటాయి. ఆ పాలసీ పత్రాన్ని కూడా సంతకానికి ముందే అడిగి చదవండి.

ఆరోది: కంపెనీని అడగవలసిన ఒక్క ప్రశ్న

ప్రశ్నలు ఎన్నైనా అడగవచ్చు గానీ, ఒకటి అన్నిటికంటే ముఖ్యం. గత ఐదేళ్లలో మీ దగ్గర లీజ్ పర్చేజ్‌లో చేరినవారు ఎంతమంది, వారిలో టైటిల్ తమ పేరు మీదకు మార్చుకున్నవారు ఎంతమంది? కంపెనీ దగ్గర ఈ లెక్క ఉంటుంది. చెప్పడానికి ఇష్టపడకపోతే దానికి కారణం ఉంటుంది. దానితో పాటు, ఈ కార్యక్రమంలోనే ఉన్న ముగ్గురు డ్రైవర్ల గత పన్నెండు వారాల సెటిల్‌మెంటు కాగితాలను, పేర్లు చెరిపివేసి అయినా, వరుసగా చూపించమనండి. ఎంచిన వారాలు వద్దు, వరుసగా పన్నెండు వారాలు కావాలి. టెర్మినల్‌లోనూ ట్రక్ స్టాపులోనూ అదే కంపెనీ ట్రక్కులు నడిపే లీజు డ్రైవర్లతో మీరే మాట్లాడండి. కంపెనీ పరిచయం చేసే డ్రైవరు ఎవరైనా సంతోషంగానే ఉంటాడు, కొత్తవారిని చేర్పించినందుకు అతనికి బోనసు కూడా ఉండవచ్చు.

ఈ సమస్య కొద్దిమంది డ్రైవర్ల గోడు మాత్రమే కాదని ప్రభుత్వమే గుర్తించింది. 2021 నాటి మౌలిక సదుపాయాల చట్టం ట్రక్ లీజింగ్ టాస్క్ ఫోర్స్ అనే సంఘాన్ని ఏర్పాటు చేయమంది. ఆ సంఘం డ్రైవర్ల వాంగ్మూలాలు, ఒప్పందాలు పరిశీలించి, 2025 జనవరిలో ఇచ్చిన నివేదికలో లీజ్ పర్చేజ్ కార్యక్రమాలను నిషేధించమని అమెరికా చట్టసభ అయిన కాంగ్రెసుకు సిఫారసు చేసింది. అంతకు ముందే లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ రేవుల్లో, 2008 తరువాత పాత ట్రక్కులను నిషేధించినప్పుడు కంపెనీలు కొత్త ట్రక్కులు కొని డ్రైవర్లకు లీజుకిచ్చి, వాటి ఖర్చును వారి వారపు చెక్కుల్లోంచి రాబట్టిన తీరు మీద కాలిఫోర్నియా లేబర్ కమిషనర్ ముందు వందల ఫిర్యాదులు వచ్చాయి.

సొంత ట్రక్కే కావాలనుకుంటే

కోరిక తప్పు కాదు, తొందర తప్పు. మొదటి రెండేళ్లు జీతానికి నడపండి. 2024 మే నాటి ప్రభుత్వ గణాంకాల ప్రకారం భారీ ట్రక్కు డ్రైవర్ల మధ్యస్థ వార్షిక వేతనం 57,440 డాలర్లు. అందులోంచి వారానికి 200 పక్కన పెడితే రెండేళ్లలో 20,000 దాటుతుంది. ఈ కాలంలోనే మీ ట్రక్కు మీద అయ్యే ప్రతి మరమ్మతు, ప్రతి గ్యాలను, ప్రతి ఖాళీ మైలు ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. రెండేళ్ల తరువాత ఆ పుస్తకం మీకు ఏ ప్రతినిధీ చెప్పలేని నిజాలు చెబుతుంది. క్రెడిట్ స్కోరు కూడా అప్పటికి కుదుటపడుతుంది. అప్పుడు 15, 20 శాతం ముందు కట్టి, క్రెడిట్ యూనియన్ లేదా బ్యాంకు అప్పుతో వాడిన ట్రక్కు కొంటే టైటిల్ మీ పేరు మీద ఉంటుంది, అప్పిచ్చినవారి హక్కు మాత్రమే దాని మీద నమోదవుతుంది. ఆ ట్రక్కుతో ఏ కంపెనీ కిందనైనా చేరవచ్చు, నచ్చకపోతే ట్రక్కుతో సహా బయటికి రావచ్చు. సొంత అథారిటీ, అంటే మీ పేరు మీదే సరుకు రవాణా చేసే ఫెడరల్ అనుమతి, తీసుకోవడం దాని తరువాతి మెట్టు. ఫెడరల్ నిబంధన కోరే కనీస బాధ్యత బీమా 7,50,000 డాలర్లే అయినా, లోడ్లు కుదిర్చే బ్రోకర్లు సాధారణంగా పది లక్షల డాలర్ల కవరు అడుగుతారు, కొత్తవారికి దాని ప్రీమియం చాలా బరువు.

లీజ్ పర్చేజ్ ఎవరికీ పనికిరాదని నేను అనను. మూడు నాలుగేళ్ల అనుభవం ఉండి, తాను తిరిగే దారుల కిరాయిలు తెలిసి, చేతిలో 15,000 డాలర్ల నిధి ఉండి, మార్కెట్ ధరకు దగ్గరగా ఉన్న ట్రక్కును, మరొక కంపెనీకి తీసుకువెళ్లగల స్వేచ్ఛతో పొందగలిగినవారు దాని నుంచి సొంత ట్రక్కుతో బయటపడవచ్చు. గమనిస్తే, ఈ షరతులు నెరవేరినవారికి బ్యాంకు అప్పు కూడా దొరుకుతుంది.

ఇప్పటికే సంతకం చేసి ఉంటే

కంగారుపడి ట్రక్కును ఎక్కడో వదిలి వెళ్లిపోకండి. ట్రక్కును వదిలేశాడని కంపెనీలు ఉద్యోగ చరిత్ర నివేదికలో నమోదు చేస్తాయి, దానిని డాక్ రిపోర్టు అంటారు, ఆ ఒక్క మాట వల్ల తరువాతి ఉద్యోగాలు దొరకడం కష్టమవుతుంది. ముందు ప్రతి వారపు సెటిల్‌మెంటు కాగితం, లోడ్లు కేటాయించే డిస్పాచరుతో జరిగిన సందేశాలు, మరమ్మతు బిల్లులు, లోడు కోసం ఎదురుచూసిన రోజుల వివరాలు ఒకచోట పోగుచేసుకోండి. కంపెనీ ఇచ్చిన ట్యాబ్లెట్‌లోని సందేశాలు మీరు వెళ్లాక మీకు అందవు కాబట్టి, వాటిని ఫోటో తీసి మీ దగ్గర ఉంచుకోండి. తరువాత, ఒప్పందంలో చెప్పినన్ని రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇచ్చి, జీతపు డ్రైవరుగా మారే వీలుందేమో అడగండి, చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. అప్పగించే రోజున ట్రక్కును లోపలా బయటా వీడియో తీసి, ఓడోమీటరు అంకెతో సహా, తీసుకున్నవారి సంతకంతో రసీదు పుచ్చుకోండి.

బాకీ ఉన్నారని కంపెనీ అంటే, అంశాల వారీగా లెక్క అడగకుండా ఏ కాగితం మీదా సంతకం చేయకండి. ఎస్క్రో డబ్బు 45 రోజుల్లో రాకపోతే, ముందు కంపెనీకి ఆ నిబంధనను ఉటంకిస్తూ ఉత్తరం రాయండి, దానికీ కదలకపోతే ఫెడరల్ మోటార్ క్యారియర్ భద్రతా సంస్థ వారి వినియోగదారుల ఫిర్యాదుల విభాగంలో నమోదు చేయండి. ట్రూత్ ఇన్ లీజింగ్ ఉల్లంఘనల మీద డ్రైవరే నేరుగా కోర్టుకు వెళ్లే హక్కు చట్టంలో ఉంది. మిస్సోరీలోని ఓనర్-ఆపరేటర్ ఇండిపెండెంట్ డ్రైవర్స్ అసోసియేషన్ 1973 నుంచి ఇటువంటి వ్యవహారాల్లో డ్రైవర్ల పక్షాన పనిచేస్తోంది, సభ్యత్వం తీసుకున్నవారికి కాగితాల విషయంలో సలహా ఇస్తుంది. ఉత్తరం రాసేటప్పుడు ట్రక్కు నంబరు, అప్పగించిన తేదీ, ఎస్క్రోలో ఉన్న మొత్తం, చివరి సెటిల్‌మెంటు కాగితం నకలు జతచేసి, చేరినట్టు సంతకం తెచ్చే రిజిస్టరు పోస్టులో పంపండి. 45 రోజులు లెక్కపెట్టేది ఒప్పందం ముగిసిన తేదీ నుంచి కాబట్టి, ఆ తేదీ రాతపూర్వకంగా మీ చేతిలో ఉండేలా చూసుకోండి.